చరిత్ర పాఠం పరీక్షకు గుర్తుండాలంటే: పుస్తకం మూసి చదివే పద్ధతి

సోషల్‌లో చరిత్ర పాఠం దగ్గరికొచ్చేసరికి పిల్లలు ఎక్కువగా చేసే పని ఒకటే. పాఠం తెరుస్తారు, పైకి చదువుతారు, ముఖ్యమనిపించిన చోట స్కెచ్ పెన్‌తో గీత పెడతారు, మళ్ళీ మొదటికొస్తారు. మూడోసారికి పేజీ మొత్తం వచ్చేసినట్టే ఉంటుంది. మర్నాడు స్లిప్ టెస్టులో ‘చౌరీచౌరా తరువాత ఏం జరిగింది?’ అని అడిగితే, ఆ మాట ఏ పేజీలో ఏ మూల ఉందో గుర్తొస్తుంది కానీ జవాబు రాదు.

గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎదురైన మనిషిని చూసి ‘ఈయన్ని ఎక్కడో చూశానే’ అనుకుంటాం. అది గుర్తుపట్టడం. పేరు, ఊరు చెప్పగలిగితే అది గుర్తుతెచ్చుకోవడం. పాఠాన్ని పదిసార్లు చదివితే మొదటిది బాగా వస్తుంది. పరీక్షలో అడిగేది రెండోది. అందుకే ఈ పద్ధతిలో పుస్తకం తెరిచి ఉంచే సమయం తక్కువ, మూసి ఉంచే సమయం ఎక్కువ.

ఉదాహరణలన్నీ పదో తరగతి పాఠాల నుంచే, అందులోనూ ఎక్కువగా భారతదేశంలో జాతీయవాదం పాఠం నుంచి తీసుకున్నాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకూ పద్ధతి ఇదే, పాఠం మార్చుకుంటే చాలు.

ముందు కావలసినవి

ఒక 200 పేజీల రఫ్ నోట్‌బుక్, బాల్ పెన్ను, పెన్సిల్, భారతదేశం ఖాళీ అవుట్‌లైన్ మ్యాపులు ఒక పది, అట్ట ముక్కలు, మూడు ఖాళీ స్వీటు డబ్బాలు. అట్ట ముక్కలు కొనక్కర్లేదు. ఇంట్లో పడున్న పాత శుభలేఖల్లో వెనక తెల్లగా ఉన్నవి ఏరి, అరచేతిలో పట్టే సైజుకు కత్తిరించుకోండి. శుభలేఖలు లేకపోతే ఏ ఫోర్ కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేయండి, ఒక్కోటి సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. ముక్కల మీద జెల్ పెన్నుతో రాయొద్దు. మన వైజాగ్ ఉక్కపోతకి చేతి చెమట తగిలి వారంలో అక్షరాలు అలుక్కుపోతాయి.

మొదటి అడుగు: పాఠాన్ని ఒక్క పేజీకి దించడం

పాఠం ఒక్కసారి ఆపకుండా కథలా చదవండి. పెన్ను పట్టుకోవద్దు. గీతలు పెడుతూ చదివితే కన్ను మాటల మీదే ఉంటుంది, కథ మీదకి పోదు. 

రెండోసారి ఒక్కో ఉపశీర్షిక చదవండి, పుస్తకం మూయండి, చదివిందాంట్లో గుర్తున్నది రఫ్ బుక్కులో నాలుగు ముక్కల్లో రాయండి. తప్పులు రాసినా పర్లేదు. తరువాత పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి వేరే రంగు పెన్నుతో చేర్చండి. ఆ రెండో రంగులో ఉన్నదే మీకు రానిది. మొదటి రంగులో ఉన్నదాని మీద మళ్ళీ గంటలు పెట్టనక్కర్లేదు.

పాఠం అయ్యాక ఒక కొత్త పేజీలో ఘటనలన్నిటినీ ఒకదాని కింద ఒకటి రాసి, మధ్యలో ‘కాబట్టి’ అనే మాట పెట్టి చూడండి. ఈ ఒక్క పని మీద మిగతావాటికంటే ఎక్కువ సమయం పెట్టమని చెబుతాం. ఇలా:

మొదటి ప్రపంచ యుద్ధంతో పన్నులు, ధరలు పెరిగాయి, పల్లెల్లో బలవంతంగా సైన్యంలోకి తీసుకున్నారు, కాబట్టి జనంలో అసంతృప్తి రగిలింది. దాన్ని అణచడానికి ప్రభుత్వం 1919లో రౌలట్ చట్టం తెచ్చింది, దాని ప్రకారం విచారణ లేకుండా రెండేళ్ళు జైల్లో ఉంచొచ్చు. కాబట్టి ఏప్రిల్ 6న దేశమంతా హర్తాళ్. పంజాబులో అణచివేత మొదలైంది, అమృత్‌సర్‌లో సైనిక శాసనం పెట్టారు, ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు. కాబట్టి ఉద్యమం ఇంకా విస్తరించాలి, హిందువులూ ముస్లింలూ కలవాలి అని గాంధీజీ అనుకున్నారు, టర్కీ ఖలీఫా కోసం ముస్లింలు నడుపుతున్న ఖిలాఫత్ ఉద్యమంతో చేతులు కలిపారు. కాబట్టి 1920 డిసెంబరులో నాగ్‌పూర్ కాంగ్రెస్ సహాయ నిరాకరణ కార్యక్రమాన్ని ఆమోదించింది, 1921 జనవరిలో ఉద్యమం మొదలైంది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్ తగలబెట్టారు. కాబట్టి గాంధీజీ ఉద్యమం ఆపేశారు.

ఎక్కడైనా ‘కాబట్టి’ అతకకపోతే, అక్కడ మీకు పాఠం అర్థం కాలేదన్నమాట. ఉదాహరణకి జలియన్‌వాలాబాగ్ నుంచి నేరుగా చౌరీచౌరాకి ‘కాబట్టి’ పెట్టి చూడండి, కుదరదు. మధ్యలో ఖిలాఫత్, నాగ్‌పూర్ పోయాయని వెంటనే తెలుస్తుంది. బట్టీ పట్టినవాళ్ళకి మధ్యలో ఒక వాక్యం జారిపోతే తరువాతదంతా జారిపోతుంది. ‘కాబట్టి’ గొలుసు ఉన్నవాళ్ళకి ఒక లంకె పోయినా అటూ ఇటూ ఉన్నవాటిని పట్టుకుని మళ్ళీ కట్టుకోవచ్చు.

ఒక్క పేజీకి మించనివ్వద్దు. రెండు పేజీలైతే పరీక్ష ముందు రోజు అది మళ్ళీ పాఠమే అవుతుంది.

ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి ఒక మాట

ఇప్పుడు చాలామంది ఇంగ్లీష్ మీడియమే. అర్థంకాని ఇంగ్లీష్ వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు మింగడం దగ్గరే ఎక్కువ మార్కులు పోతున్నాయి. గొలుసు ముందు తెలుగులో చెప్పుకోండి. అమ్మకో నాన్నమ్మకో మూడు నిమిషాల్లో ఆ కథ చెప్పండి. ‘ఉప్పు మీద పన్నేస్తే అంత గొడవ దేనికిరా?’ అని నాన్నమ్మ అడిగితే, ఉప్పు ఉన్నవాడూ లేనివాడూ తినేదే కాబట్టి, దాని మీద పన్ను, దాని తయారీ మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ప్రతి ఇంటికీ తగిలేదే కాబట్టి అని మీ నోటితో చెప్పగలగాలి. 8 మార్కుల ప్రశ్నలో రాయవలసిన పాయింటు అదే. ఆ తరువాత ఆ ఘటనకు కావలసిన ఆరేడు ఇంగ్లీష్ మాటలు మాత్రం స్పెల్లింగుతో సహా నేర్చుకోండి. వాక్యం మీరే కట్టుకుంటారు.

రెండో అడుగు: తేదీలను జల్లెడ పట్టడం

పాఠంలో కనిపించిన ప్రతి అంకెనీ నేర్చుకోబోతే ఏదీ నిలవదు. తేదీలను మూడు కుప్పలు పెట్టండి. రోజుతో సహా కావలసినవి చాలా తక్కువ: 13 ఏప్రిల్ 1919 (జలియన్‌వాలాబాగ్), 12 మార్చి 1930 (దండి యాత్ర మొదలు), 6 ఏప్రిల్ 1930 (ఉప్పు చట్టం ఉల్లంఘన), 5 మార్చి 1931 (గాంధీజీ, వైస్రాయ్ ఇర్విన్‌ల ఒప్పందం) లాంటివి. నెల, సంవత్సరం సరిపోయేవి కొన్ని: 1920 డిసెంబరు నాగ్‌పూర్, 1922 ఫిబ్రవరి చౌరీచౌరా, 1929 డిసెంబరు లాహోర్ కాంగ్రెస్. మిగతావాటికి సంవత్సరం చాలు. పాఠానికి 15 నుంచి 20కి మించకుండా చూసుకోండి.

ఇక వాటిని గుర్తుంచుకోవడానికి ఊరి చరిత్రనే మేకులా కొట్టుకోవచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. మన ఊరివాళ్ళు మరిచిపోకూడని తేదీ ఇది. అదే ఏప్రిల్ 6న 1919లో రౌలట్ హర్తాళ్, 1930లో దండి దగ్గర ఉప్పు చట్టం ఉల్లంఘన. 1919, 1930, 1942: ఒకే తేదీ, మూడు సంవత్సరాలు. ఇలా ఒకటి కట్టుకుంటే మూడు దొరికాయి.

అలాగే 1757. ఆ జనవరిలో బొబ్బిలి యుద్ధం, జూన్‌లో ప్లాసీ. సరిగ్గా నూరేళ్ళు కలిపితే 1857 తిరుగుబాటు. అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని పాఠంలో గూడెం కొండల పోరాటంగా చదువుతారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు జరిగాయి. చౌరీచౌరా కూడా 1922లోనే, అదీ పోలీసు స్టేషన్ కథే. తేడా ఏమిటంటే, అది ఫిబ్రవరి, ఇది ఆగస్టు, అంటే గాంధీజీ ఉద్యమం ఆపేసిన తరువాత. రాజు అమరుడైంది 1924 మే 7న. చింతపల్లి, లంబసింగి దారిలో ఒక్కసారైనా తిరిగిన పిల్లలకి ‘రోడ్డు పనికి కూలి లేకుండా బలవంతపు చాకిరీ చేయించారు, అడవిలోకి పశువులను తోలనివ్వలేదు’ అన్న వాక్యం వేరేగా వినిపిస్తుంది.

పొడి అక్షరాల సూత్రాలు

తెలుగు క్లాసులో గణాలు గుర్తుండటానికి ‘యమాతారాజభానసలగం’ నేర్చుకున్నారు కదా, చరిత్రకీ అలాంటివి కట్టుకోవచ్చు. ఇటలీ ఏకీకరణలో ముగ్గురినీ కలిపేసి రాయడం మామూలు పొరపాటు. దానికి: మజ్జినీది మనసు, కవూర్‌ది కలం, గారిబాల్డీది గన్ను. మజ్జినీ ఆశయం ఇచ్చాడు, 1831లో యంగ్ ఇటలీ పెట్టాడు. కవూర్ పీడ్మాంట్ ముఖ్యమంత్రిగా దౌత్యం నడిపి ఫ్రాన్సుతో ఒప్పందం చేసుకున్నాడు. గారిబాల్డీ 1860లో సాయుధ స్వచ్ఛంద దళాలతో దక్షిణ ఇటలీకి పోయాడు. 1861లో విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఏకీకృత ఇటలీకి రాజయ్యాడు.

అయితే ఆరేడు అక్షరాలకు మించి సూత్రం కట్టొద్దు. హాల్లో సూత్రం గుర్తుండి, ఏ అక్షరం దేనికో మరిచిపోయి కూర్చునే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. అర్థం పలికే సూత్రమే నిలుస్తుంది. ఎవరో కట్టింది తెచ్చుకోవడం కంటే, వంకరగా ఉన్నా మీరు కట్టుకున్నదే మేలు.

మూడో అడుగు: బీచ్ రోడ్డు మీద పాఠాన్ని నిలబెట్టడం

వరస తప్పకుండా గుర్తుండాలంటే, మీకు కళ్ళు మూసుకున్నా తెలిసిన దారి ఒకటి తీసుకుని, ఒక్కో చోట ఒక్కో ఘటనను నిలబెట్టండి. వైజాగ్ పిల్లలకి బీచ్ రోడ్డు కంటే తెలిసిన దారి ఏముంటుంది? ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్దాం. 1919 నుంచి 1931 దాకా ఎనిమిది ఘటనలు, ఎనిమిది చోట్లు.

కాళీమాత గుడి. కాళి అంటే నలుపు. రౌలట్ చట్టాన్ని నల్ల చట్టం అన్నారు. 1919.

కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం. లోపలికి వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఒక్క మనిషి పట్టే ఇరుకు దారి, వెనక్కి తిరగడానికి చోటుండదు. జలియన్‌వాలాబాగ్‌కీ ఇరుకు దారే, ఆ దారి మూసి కాల్చారు. 13 ఏప్రిల్ 1919, వైశాఖి రోజు.

వుడా పార్కు. బడి వదిలేసిన పిల్లలు, కోర్టు వదిలేసిన లాయర్లు నల్లకోట్లతో చెట్ల కింద కూర్చున్నట్టు ఊహించండి. సహాయ నిరాకరణ, 1921 జనవరి.

లాసన్స్ బే. ‘లా’ అంటే చట్టం, చట్టం ఉండేది పోలీసు స్టేషన్‌లో. ఆ ఇసుకలో ఒక స్టేషన్ మండుతోంది. చౌరీచౌరా, 1922 ఫిబ్రవరి.

తెన్నేటి పార్కు. 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఇక్కడే ఒడ్డుకు కొట్టుకొచ్చింది, ఊరంతా చూడటానికి పోయింది. పిలవకుండా ఒడ్డుకొచ్చిన పరదేశి ఓడ మీద ఒక్క భారతీయ సభ్యుడు కూడా లేని సైమన్ కమిషన్ నిలబడి ఉంది, ఒడ్డు మీద జనం ‘సైమన్ గో బ్యాక్’ అంటున్నారు. 1928.

కైలాసగిరి. కొండ మీద, అందరికీ కనిపించేంత ఎత్తున జెండా. ఇక సగం స్వరాజ్యం కాదు, పూర్ణ స్వరాజ్యం. లాహోర్, 1929 డిసెంబరు.

రుషికొండ. ఋషిలాంటి మనిషి కర్ర పట్టుకుని ఇసుకలో నడుస్తున్నాడు, వంగి పిడికెడు ఉప్పు తీశాడు. దండి. సబర్మతి నుంచి 78 మందితో, 240 మైళ్ళు, 12 మార్చి 1930న బయల్దేరి ఏప్రిల్ 6న చట్టం ఉల్లంఘన.

తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్లు, బౌద్ధుల ఆరామం, నిశ్శబ్దం. గొడవలన్నీ అయ్యాక ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. గాంధీ–ఇర్విన్ ఒప్పందం, 5 మార్చి 1931.

మొదటి రోజు దారిలో నాలుగు చోట్లే పెట్టండి. మర్నాడు ఆ నాలుగూ చూడకుండా చెప్పగలిగాక మిగతా నాలుగు. కాళీ గుడి నుంచి తొట్లకొండకి ఒకసారి, తొట్లకొండ నుంచి వెనక్కి ఒకసారి చెప్పుకోండి. వెనక్కి చెప్పగలిగితే వరస పట్టుబడినట్టే. భీమిలి బస్సెక్కినప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే అదే రివిజన్.

ఒకే దారిలో రెండు పాఠాలు పెట్టొద్దు, కలిసిపోతాయి. యూరప్ పాఠానికి వేరే దారి తీసుకోండి: మీ ఇంటి నుంచి బడికి వెళ్ళే దారి, లేదా సింహాచలం కొండ కింద నుంచి పైకి మెట్ల దారి. గాజువాకలో ఉండేవాళ్ళకి బీచ్ రోడ్డు అంత అలవాటు లేకపోతే వాళ్ళ దారే వాళ్ళది. మీ ఊహలోకి బొమ్మ వెంటనే రావాలి, అంతే కావాలి.

నాలుగో అడుగు: ముక్కలు, మూడు డబ్బాలు

అట్ట ముక్క ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. ఒక ముక్కకి ఒకే విషయం. ‘సహాయ నిరాకరణ ఉద్యమం గురించి’ అని రాస్తే అది ప్రశ్న కాదు. ‘విదేశీ వస్త్రాల దిగుమతి విలువ 1921–22 మధ్య ఎంత నుంచి ఎంతకి పడింది?’ అంటే వెనక ‘102 కోట్ల నుంచి 57 కోట్లకు’ అని రాయొచ్చు. ‘ఎందుకు’ ప్రశ్నలు సగమైనా ఉండాలి. బిట్లకి ‘ఎప్పుడు, ఎవరు’ పనికొస్తాయి కానీ 4, 8 మార్కుల ప్రశ్నలకి ‘ఎందుకు’లే తిండి.

కొత్త ముక్కలన్నీ మొదటి డబ్బాలో. ఆ డబ్బా రోజూ తీయాలి. జవాబు సరిగ్గా చెబితే ముక్క రెండో డబ్బాలోకి, దాన్ని మూడు రోజులకోసారి తీయాలి. అక్కడా వస్తే మూడో డబ్బా, వారానికోసారి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి డబ్బాకే. రోజుకి కొత్తవి పదికి మించొద్దు, మొత్తం ఇరవై నిమిషాల పని. ఆదివారం ఒక్కరోజే అరవై ముక్కలు రాసి పడేస్తే, బుధవారానికి మొదటి డబ్బా మోయలేనంత అవుతుంది, పిల్లలు ఈ పద్ధతి వదిలేసేది అక్కడే.

ముక్క తిప్పే ముందు జవాబు నోటితో అనండి, లేదా రాయండి. ‘ఆ, ఇది వచ్చులే’ అని తిప్పేస్తే మళ్ళీ గుర్తుపట్టడమే అవుతుంది. తమ్ముడి చేత అడిగించుకుంటే ఈ మోసం కుదరదు.

ఎప్పుడెప్పుడు తిరగేయాలి

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించినట్టు, నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా పోతుంది, తరువాత పోవడం నెమ్మదిస్తుంది. అందుకని మొదట్లో దగ్గర దగ్గరగా, పోనుపోను దూరం దూరంగా చూడాలి. డిసెంబరు 1న ఒక పాఠం పేజీకి దించారనుకోండి. 2న, 4న, 8న, 16న, 31న తిరగేయాలి. తిరగేయడం అంటే చదవడం కాదు: ఖాళీ కాగితం మీద గొలుసు రాసి, ఆ పేజీతో పోల్చడం. మొదటిసారి ఇరవై నిమిషాలు పడుతుంది, ఐదోసారికి ఆరేడు నిమిషాలు చాలు.

పబ్లిక్ పరీక్షలు మార్చిలో కాబట్టి, చరిత్ర పాఠాలన్నీ సంక్రాంతికి ముందే ఒక్కో పేజీకి దిగి ఉండాలి. సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోతే పుస్తకం మోసుకెళ్ళక్కర్లేదు, రెండో డబ్బా ముక్కలు రబ్బరు బ్యాండు వేసుకుని తీసుకెళ్ళండి. పండగ మూడు రోజులు ముట్టుకోకపోయినా ఫర్వాలేదు. పది రోజులు వదిలేస్తే మాత్రం మొదటి డబ్బాలో చేరినవి మళ్ళీ కొత్తవే.

మ్యాపు

మ్యాపు మార్కులు వదులుకునేవి కావు. ఊహించి చుక్క పెట్టడం దగ్గరే పోతాయి. గుజరాత్‌ని దగ్గరగా చూడండి. ఖంభాత్ సింధుశాఖ లోపలికి చొచ్చుకొచ్చిన చోటు వేలితో పట్టుకోండి. దానికి పైన అహ్మదాబాద్, దానికి ఆనుకుని కొంచెం కింద ఖేడా. దండి మాత్రం సింధుశాఖకి తూర్పు ఒడ్డున, బాగా కిందికి, సూరత్‌కి దక్షిణంగా. సముద్రం అనగానే చాలామంది పడమటి వైపు సౌరాష్ట్రలో చుక్క పెట్టేస్తారు, అది తప్పు. చంపారన్ బీహార్‌కి వాయవ్య మూల, నేపాల్ సరిహద్దు దగ్గర. చౌరీచౌరా దానికి పడమట, ఉత్తరప్రదేశ్ తూర్పు భాగంలో, గోరఖ్‌పూర్ దగ్గర. ఇవి రెండూ దాదాపు ఇరుగుపొరుగు అని పెట్టుకుంటే ఒకటి తెలిసినా రెండోది దొరుకుతుంది. వారానికి ఒక ఖాళీ మ్యాపు, అయిదు నిమిషాలు, చూడకుండా.

జవాబు రాయడం సాధన చేయాలి

గుర్తుండటం ఒక ఎత్తు, దాన్ని మార్కులుగా మార్చడం ఇంకో ఎత్తు. ప్రశ్నలో ఏం అడిగారో ఆ మాట కింద గీత పెట్టండి. కారణాలడిగితే ఫలితాలు రాయొద్దు. పోల్చమంటే రెండు పక్కల గడి గీయండి.

‘పట్టణాల్లో సహాయ నిరాకరణ ఉద్యమం క్రమంగా ఎందుకు మందగించింది?’ అన్న ప్రశ్న చూడండి. సగం మంది రౌలట్ చట్టం దగ్గర మొదలుపెట్టి ఉద్యమ చరిత్రంతా రాస్తారు, రెండు పేజీలు నిండుతాయి, పేపర్ దిద్దేవాళ్ళకి కావలసింది చివరి రెండు లైన్లలో ఉంటుంది, లేదా ఉండదు. రాయవలసింది ఇది: ఖద్దరు మిల్లు బట్ట కంటే ఖరీదు, పేదలు ఎంతకాలం కొనగలరు? బ్రిటిష్ బళ్ళు, కోర్టులు వదిలేస్తే వాటి స్థానంలో మన సంస్థలు రావాలి, అవి నెమ్మదిగా వచ్చాయి. కాబట్టి విద్యార్థులు, టీచర్లు తిరిగి ప్రభుత్వ బళ్ళకి, లాయర్లు తిరిగి కోర్టులకి చేరారు. మూడు పాయింట్లు, ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాల వివరణ. 4 మార్కులకి సరిపోతుంది.

సహాయ నిరాకరణలో చాలా రాష్ట్రాల్లో ఎన్నికలను బహిష్కరించినా, మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ బహిష్కరించలేదన్నది అదే పాఠంలో ఉంటుంది. అప్పుడు విశాఖపట్నం కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. ఇది తెలిస్తే ‘మద్రాసు తప్ప’ అన్న చిన్న మాట మళ్ళీ మరిచిపోరు, బిట్లలో అడగడానికి అనువైన మాట అది.

వారానికి రెండు 8 మార్కుల జవాబులు గడియారం పెట్టుకుని రాయండి. పదో తరగతి సోషల్ పేపరు 100 మార్కులకి: 1 మార్కువి 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5. మీ ఏడాది మోడల్ పేపరుతో ఒకసారి సరిచూసుకోండి. ప్రశ్నపత్రం చదువుకోవడానికిచ్చే 15 నిమిషాలు పోను మూడు గంటలు, అంటే 180 నిమిషాలు. 8 మార్కులకి 16 నిమిషాల చొప్పున 80, 4 మార్కులకి 7 చొప్పున 56, 2 మార్కులకి 3 చొప్పున 24, బిట్లకి 12. మొత్తం 172. మిగిలిన 8 నిమిషాలు ప్రశ్న నంబర్లు, మ్యాపు సరిచూసుకోవడానికి. ఇంటి దగ్గర 16 నిమిషాల్లో రాయలేనిది హాల్లో కూడా రాయలేరు, మొదటి ఎస్సేకి అరగంట పెట్టి చివరిది వదిలేసి వస్తారు.

ముందు రోజు, ఆ రోజు

ముందు రోజు కొత్త పాఠం ముట్టుకోవద్దు. ఒక్కో పాఠం పేజీ, మొదటి డబ్బాలో మిగిలిన మొండి ముక్కలు, ఒక మ్యాపు, అంతే. రాత్రి పదికి పడుకోండి. తెల్లవార్లూ మేలుకుని చదివింది పొద్దుటికి ఒకదాన్నొకటి తొక్కేసుకుంటుంది, చదివింది నిలవాలంటే నిద్ర కావాలి. పొద్దున్నే డాబా మీద గాలి తగిలేచోట అరగంట తేదీల ముక్కలు చూసుకుని పుస్తకాలు మూసేయండి. సెంటర్ గేటు ముందు ‘అది చదివావా, ఇది చదివావా’ అని అడిగే గుంపుకి దూరంగా నిలబడండి.

హాల్లో రాయడం మొదలుపెట్టగానే, ఆన్సర్ షీటు చివరి పేజీలో ‘రఫ్’ అని రాసి, పెన్సిల్‌తో బీచ్ రోడ్డు ఎనిమిది చోట్లూ వాటి సంవత్సరాలూ ఒక నిలువు వరసలో వేసుకోండి. ఒక నిమిషం పని. మధ్యలో ఏదైనా ప్రశ్న దగ్గర బుర్ర ఖాళీ అయిపోతే, ఆ ప్రశ్నకి చోటు వదిలి ముందుకెళ్ళండి. తిరిగొచ్చినప్పుడు జవాబు కోసం వెతకొద్దు, దానికి ముందు జరిగిన ఘటన ఏదో రఫ్‌లో చూసి ‘కాబట్టి…’ అని మనసులో అనుకోండి. చాలాసార్లు తరువాతి వాక్యం దానంతటదే వస్తుంది. అప్పటికీ రాకపోతే తెలిసినంతవరకు రెండు పాయింట్లయినా రాసి రండి, ఖాళీగా వదిలిన చోటుకి మార్కు వేసే వీలు ఎవరికీ ఉండదు.